సీమచదువునకు ముందు ఇంటిచదువు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పట్టణములలో నేడు విదేశవిద్యకు బోవు యువకునికి జరుగు సాగనంపు చూచినచో, పూర్వము కాశీయాత్రకు బోవువారికి జరిగిన యుత్సవములు జ్ఞప్తికి వచ్చును. కూడలిలో ఫ్లెక్సీ కట్టుదురు; పూలదండలు వేయుదురు. పెట్టె 23 కిలోలు మీఱకుండుటకై ఊఱగాయను తీసి కారపుపొడిని పెట్టి, మరల దానిని తీసి ఊఱగాయనే పెట్టుదురు. శంషాబాదు విమానాశ్రయము వఱకు రెండు కార్లనిండ బంధువులు వెంట బోవుదురు. ఇంతమంది యింత శ్రమపడి పంపిన యా పిల్లవానికి దిగినచోట తన యన్నము తాను వండుకొనుట తెలియునా యని యడుగువారు మాత్రము కానరారు.

సంస్థానముల కాలమున సీమయాత్ర జమీందారుల బిడ్డలకును, ఉన్నతోద్యోగుల బిడ్డలకును మాత్రమే ప్రాప్తించినది. నేడట్లు కాదు. తెలంగాణ ప్రభుత్వమువారి అంబేడ్కర్ విదేశీ విద్యానిధి, మహాత్మా జ్యోతిబా ఫూలే విద్యానిధి మొదలగు పథకములు 20 లక్షల రూపాయల వఱకు సహాయము చేయుటకై యేర్పడినవి. అది దొరకనివారు భూమిని తాకట్టుపెట్టి బ్యాంకులో అప్పు తెచ్చుచున్నారు. కనుక ఈ ప్రశ్న పదిమంది ధనికుల యింటి ముచ్చట కాక, సామాన్య సంసారముల మంచిచెడ్డలకు సంబంధించిన దైనది.

జర్మనీ దేశమునే తీసికొందము. అచ్చటి ప్రభుత్వ విశ్వవిద్యాలయములలో పెక్కింటియందు బోధనరుసుము లేదను మాట మన పల్లెలకు గూడ చేరినది. (బాడెన్-వ్యుర్టెంబర్గ్ రాష్ట్రమువారు 2017 నుండి యూరోపు సమాఖ్యకు వెలుపలి విద్యార్థులయొద్ద ప్రతి సెమిస్టరునకు 1,500 యూరోలు పుచ్చుకొనుచున్నారను మాట అంత వేగముగ చేరలేదు.) విమానము దిగిన పిమ్మట చేయవలసిన పను లెవ్వరికి దెలియును? గది ప్రవేశించిన రెండు వారములలో నగర కార్యాలయమునకు బోయి తన నివాసమును నమోదు చేయించుకొనవలెను. అందులకు ఇంటి యజమాని సంతకముచేసిన ధ్రువపత్రము కావలెను. గది లేనిచో ధ్రువపత్రము లేదు. అది లేక నమోదు కాదు. నమోదు కానివానికి పెక్కు బ్యాంకులలో ఖాతా దొరకుట కష్టము. ఖాతా లేనిచో తండ్రి ముందుగ కట్టిన సొమ్ము చేతికి రాదు. ఆ సొమ్మెంత? 2024 సెప్టెంబరులో నిర్ణయించిన లెక్క ప్రకారము వీసాకొఱకు సంవత్సరమునకు 11,904 యూరోలు ప్రత్యేకమైన ఖాతాలో కట్టి చూపవలెను. అందుండి నెలకు 992 యూరోలు మాత్రమే తీసికొననిత్తురు. అనగా లక్షలు కట్టినవాని కుమారుడును మొదటి వారమున చేతిలోని చిల్లరతో కాలము గడుపవలసియుండును.

శనివారము రాత్రి దిగినవానికి మఱునాడు ఉప్పు కొనుటయే దుర్లభము. అచ్చట ఆదివారమున, రైలుస్టేషనులలోనివి మొదలగు కొన్ని తప్ప, అంగళ్లు మూసియుంచుట చట్టము. చెత్తలో కాగితములు వేఱు, వంటింటి వ్యర్థములు వేఱు, పొట్లపు సంచులు వేఱు. నలుగురు విద్యార్థుల కొక వంటగది. దానిని తుడుచుట వంతులవారీగ. మన చిరంజీవి వంతు వచ్చును. పొయ్యిమీద జిడ్డును ఏ గుడ్డతో తుడువవలెనో యతనికి దెలియదు. తక్కిన మువ్వురు ఒకసారి యూరకుందురు; రెండవసారి గోడకు చీటి యంటింతురు; మూడవసారి మాటలాడుట మానుదురు. అంతట మనవాడు, "ఇచ్చటివారికి మనమనిన చులకన" యని ఇంటికి వార్త పంపును. చులకన చేయువా రచ్చట లేరని కాదు. కాని ప్రతి చీటియు జాతిద్వేషము కాదు.

ఇంగ్లండునకు బోవువాని సంగతియు నిట్టిదే. 2019 నాటి చట్టముచే సామాన్యపు అద్దె యిండ్లకు ఐదువారముల అద్దెకు మించి ధరావతు అడుగరాదు; పుచ్చుకొన్నదానిని 30 దినములలో రక్షణపథకమున చేర్చవలెను. ఈ సంగతి యెఱుగనివాడు అడిగినంత యిచ్చును. చూడని గదికి ఇచ్చటినుండియే సొమ్ము పంపి మోసపోవువారు గలరు. వారామాట తండ్రికి జెప్పరు. చెప్పబోయినంతనే తాకట్టులోనున్న పొలము కన్నులయెదుట నిలుచును. రాత్రి తల్లి ఫోనులో "తిన్నవా బిడ్డా?" యని యడుగును. రెండు దినములుగ రొట్టెముక్కలతో గడపినవాడు "తిన్ననమ్మా" యనును. పదిదినములు గడచుసరికి ఈ యబద్ధ మలవాటగును. జ్వరము వచ్చినను, పరీక్ష తప్పినను, సొమ్ము పోయినను అదియే సమాధానమగును.

ఈ యవస్థకు కారణము పరదేశము కాదు, మన యిల్లు. మన యిండ్లలో మగపిల్లవాడు తిన్న కంచ మెత్తడు. విడిచిన చొక్కా యెట్లు శుభ్రమై మరల అలమరలోనికి వచ్చునో వానికి దెలియదు. "వాడు చదువుకొనుచున్నాడు" అనునది సర్వదోషహరమైన మంత్రము. "మావానికి నీళ్లు ముంచుకొనుట గూడ రాదు" అని తల్లి పొరుగింటామెతో చెప్పునపుడు ఆమె గొంతులో నుండునది విచారము కాదు, గర్వము. అట్టివానిని ఇరువదిరెండేండ్ల వఱకు పెంచి, ఒక్కరాత్రిలో స్వతంత్రుడవు కమ్మని విమానమెక్కించుట యెంతటి క్రూరత్వము!

మొక్కపాటి నరసింహశాస్త్రిగారి బారిష్టరు పార్వతీశమును చదివి వందయేండ్లుగ నవ్వుచున్నాము. ఆ పిల్లవానిని లోకమెఱుగనట్లు పెంచిన యిల్లెట్టిదని నవ్విన తండ్రులలో నెంద రాలోచించిరి? గాంధీమహాత్ముడు 1888లో ఇంగ్లండున దిగునపుడు తెల్ల ఫ్లానెలు దుస్తులు ధరించి, అట్టి వేషముననున్నవాడు తానొక్కడే యగుటచే సిగ్గుపడినట్లు ఆత్మకథలో వ్రాసికొనిరి. పెట్టెలు చేతికి రాలేదు, మఱునాడు ఆదివారము. ఆకలి, ఇంటిమీద బెంగ వారిని చాల బాధించినవి. పిమ్మట చిన్నగదికి మాఱి, స్వయముగ జావ కాచుకొని, ఎక్కడికైనను నడచిపోవుట యలవాటు చేసికొన్నతరువాత వారి ఖర్చు తగ్గినది, మనస్సు కుదుటపడినది.

ఇంక ఆడపిల్లల మాట. "తెలియని దేశములో మొదటి దినములు కష్టము, ఆడపిల్ల తట్టుకొనలేదు" అని చెప్పి కుమార్తెను నిలిపి, కుమారుని పంపువారు గలరు. ఎంత వింత వాదము! ఆ దినములలో కావలసిన వంట, ఉతుకు, పొదుపు, పదిమందితో సర్దుకొనుట, వీనినన్నిటిని బాల్యమునుండి ఆమెకే నేర్పితిరి గదా! నేర్చినదానిని ఇంట నుంచి, నేర్వనివానిని పంపుచున్నారు. 1895లో సరోజినీదేవి పదునాఱేండ్ల బాలికగ, నిజాము ప్రభుత్వపు విద్యార్థివేతనముతో హైదరాబాదునుండి ఇంగ్లండునకు బోయి, లండను కింగ్స్ కళాశాలయందును, కేంబ్రిడ్జి గర్టన్ కళాశాలయందును చదివెను. ఆనాడు నెలల తరబడి ఉత్తరములకై వేచియుండగలిగిన తలిదండ్రు లుండిరి. నేడు గడియగడియకు ముఖము చూపు ఫోను చేతనుండియు భయపడుచున్నాము. కుమార్తె మాత్రమే యీ పనులు నేర్చుట న్యాయమని నా యభిప్రాయము కాదు. ఇరువురును నేర్వవలెను, ఇరువురును పోవలెను.

విచిత్రమేమనగా, పరదేశమున మొదటి రాత్రి గడపు విద్యలో పాలమూరువారిని మించినవారు లేరు. కృష్ణాతుంగభద్రల నడుమనుండియు కఱవుచే వలసబోయిన మన కూలీలు, దేశమందలి ఆనకట్టలకును కాలువలకును మట్టి త్రవ్విరి. భాష తెలియని చోట లారీ దిగి, చీకటిపడులోపల మూడు రాళ్లు పేర్చి గంజి కాచుకొనిరి. నీళ్లెక్కడ, సంత యెప్పుడు, ఎవని మాట నమ్మదగునో మఱునాటికి తెలిసికొనిరి. వారికి ముందుగ సొమ్మిచ్చి తీసికొనిపోయిన మేస్త్రీ యెంత కఠినుడైనను పని జరుగుచోటనే గుడిసె వేసికొని యుండెను. నేటి కన్సల్టెన్సీ బాధ్యత వీసాతో ముగియుచున్నది! గద్వాల ప్రాంతపు ఇటిక్యాలపాడు వాస్తవ్యులైన సురవరము ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువడిన తమ 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'యందు రాజుల యుద్ధములకంటె ప్రజల తిండి, బట్ట, ఆటపాటలకే యెక్కువ చోటిచ్చిరి. వారి గడ్డమీద పుట్టిన మనము తిండి బట్టల పనిని చదువుకు తక్కువయని యెంచుచున్నాము.

"పరీక్షలకు చదువువాని కాలము వంటింట వ్యర్థమగును" అని కొందరందురు. అన్నము వండుటకు అరగంట. వండ నేఱనివాడు సీమలో నొక భోజనమునకు పెట్టు వెల, వారము బియ్యమునకు సరిపోవును. ఇంగ్లండున పట్టవిద్యార్థి చదువుదినములలో వారమునకు 20 గంటలకు మించి కూలిపని చేయరాదు. ఆ సంపాదనము హోటలుకే చాలదు. అద్దెపత్రమును, బ్యాంకు కాగితమును వానిచేతనే చదివింపుడు. తెలియని కార్యాలయమునకు వానినే ఒంటరిగ పంపుడు. వచ్చిన చిక్కు ఇంటివారితో దాచక చెప్పినపుడు మందలింపకుడు.

సెప్టెంబరు, అక్టోబరు నెలలలో మరల పెట్టెలు తూకమున కెక్కును. అంతకు ముందు వేసవిలో ఒక మాసము ఇంటి వంటగదిని ఆ పిల్లవానికే యప్పగించి, తల్లి పుట్టింటికి పోవుగాక. ఉప్పెక్కువైనను, అన్నము మాడినను, ఆ నెలదినములు తండ్రియు నదియే తినవలెను. కంచము మాత్రము ఎవరిది వారు కడుగుకొనవలెను.