పేరులోనే పేచీ

ఇంగ్లండ్‌లోని పీటర్‌బరో ఇటుకమట్టి గోతుల్లో ఆల్‌ఫ్రెడ్ లీడ్స్ అనే రైతు సేకరించిన భారీ ఎముకలు డైనోసార్ వీపు పలకలు కావచ్చని 1887లో హల్క్ భావించారు. మరుసటి ఏడాది వాటిని చూసిన అమెరికన్ శాస్త్రవేత్త మార్ష్, అవి చేపవని తేల్చారు. 1889లో స్మిత్ వుడ్‌వర్డ్ పెట్టిన పేరు లీడ్సిక్తిస్ ప్రాబ్లమాటికస్. అంటే, లీడ్స్‌గారి చిక్కుముడి చేప! చిక్కు నిజమే. వెన్నుపూసలు ఎముకగా గట్టిపడలేదు కాబట్టి శిలాజాలుగా మిగల్లేదు. మరి పొడవు కొలిచేదెలా? 1986లో ఏకంగా 27 మీటర్లన్నారు. ఎముకల్లోని ఎదుగుదల వలయాలను లెక్కించిన 2013 నాటి అధ్యయనం, 38 ఏళ్ల చేపకు 16.5 మీటర్ల దగ్గర ఆగింది. తగ్గినా, తెలిసిన ఎముక చేపల్లో దీన్ని మించింది లేదు. 16 కోట్ల ఏళ్ల క్రితం ఈ మహాకాయం బతికింది మాత్రం మొప్పల జల్లెడకు చిక్కిన నలుసంత జలచరాల మీదే.