నెట్ జీరో కూటమి: చేరడం ఈజీ.. బయటికి రావడం ఇంకా ఈజీ!

తాము ఇచ్చే అప్పుల వల్ల గాల్లోకి చేరే కార్బన్‌ను 2050 నాటికి నెట్ జీరోకు తెస్తామంటూ 2021 ఏప్రిల్‌లో 43 బ్యాంకులు చేతులు కలిపాయి. ఐక్యరాజ్యసమితి అండతో పుట్టిన ఆ కూటమి పేరు నెట్ జీరో బ్యాంకింగ్ అలయన్స్. నాలుగున్నరేళ్లు తిరక్కుండానే, 2025 అక్టోబర్‌లో దాని దుకాణం మూతపడింది. బయటివాళ్లెవరో మూయించలేదు. మిగిలిన సభ్యులే ఓటేసి మరీ మూసేశారు.

వాతావరణ బాధ్యత గురించి కంపెనీలు ఇచ్చే మాట ఎంత గట్టిది? ఆ మాటకు కాపలా ఎవరు? బ్యాంకుల కథ చూస్తే సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

అసలేం జరిగింది?

చేరిన కొత్తలో ఇదో పెద్ద గౌరవం. అదే ఏడాది నవంబర్‌లో గ్లాస్గోలో వాతావరణ సదస్సు జరిగినప్పుడు, మార్క్ కార్నీ ముందుండి నడిపిన ఆర్థిక సంస్థల ఉమ్మడి వేదిక జీఫాంజ్ తన సభ్యుల చేతిలో 130 ట్రిలియన్ డాలర్ల ఆస్తులు ఉన్నాయని ప్రకటించుకుంది. బ్యాంకుల కూటమిలో సభ్యుల సంఖ్య కూడా తర్వాత 140 దాటింది.

ఆ తర్వాత అమెరికాలో గాలి మారింది. పోటీ సంస్థలన్నీ ఒక్కటై బొగ్గు, చమురు కంపెనీలకు అప్పులు తగ్గించడమంటే అది కుమ్మక్కేనని రిపబ్లికన్ నేతలు వాదన ఎత్తుకున్నారు. 2024 నవంబర్‌లో టెక్సాస్‌తో పాటు మరికొన్ని రాష్ట్రాలు బ్లాక్‌రాక్, వాన్‌గార్డ్, స్టేట్ స్ట్రీట్‌లపై కోర్టుకెక్కాయి. అదే నెలలో ట్రంప్ గెలిచారు. డిసెంబర్ మొదటి వారంలో గోల్డ్‌మన్ శాక్స్ కూటమికి గుడ్‌బై చెప్పింది. అక్కడి నుంచి క్యూ కట్టినట్టే! వెల్స్ ఫార్గో, సిటీ, బ్యాంక్ ఆఫ్ అమెరికా, మోర్గాన్ స్టాన్లీ.. జనవరి 7 నాటికి జేపీ మోర్గాన్ కూడా వెళ్లిపోయింది. ఉన్నవాళ్లనైనా నిలబెట్టుకుందామని 2025 ఏప్రిల్‌లో కూటమి తన నిబంధనలనే సడలించింది. లాభం లేకపోయింది. జూలైలో హెచ్‌ఎస్‌బీసీ, ఆగస్టులో బార్‌క్లేస్, యూబీఎస్ బయటికొచ్చేశాయి.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. వెళ్లిపోయినందుకు ఏ బ్యాంకూ పైసా జరిమానా కట్టలేదు. వెళ్తూ వెళ్తూ చాలా బ్యాంకులు మా లక్ష్యాలు మావే, వాటిని వదల్లేదు అన్నాయి. నిజమే కావచ్చు. కానీ ఆ లక్ష్యాలను ఒకే కొలబద్దతో పోల్చి చూసే చోటు మాత్రం పోయింది.

కూటముల్లో కాస్త గట్టిదని పేరున్నది ఎస్‌బీటీఐ. కంపెనీ పెట్టుకున్న లక్ష్యం సైన్స్‌కు సరిపోతుందో లేదో చూసి ముద్ర వేసే సంస్థ ఇది. 2024 మార్చిలో గడువులోగా లెక్కలు ఇవ్వని 200కు పైగా కంపెనీల నెట్ జీరో హామీలను జాబితా నుంచి తీసేసింది. అందులో మైక్రోసాఫ్ట్, యూనిలీవర్, వాల్‌మార్ట్ లాంటి పేర్లున్నాయి. మెచ్చుకోవాల్సిన పనే. అయితే నెల తిరిగేసరికి కార్బన్ క్రెడిట్లను కొంతవరకు అనుమతిస్తామని దాని బోర్డే ప్రకటించింది. సొంత సిబ్బందే తిరగబడ్డారు. జూలైలో సీఈవో తప్పుకున్నారు.

కూటమిలో లేకుండా సొంతంగా మాటిచ్చిన కంపెనీల సంగతేంటి? బీపీని చూస్తే చాలు. చమురు, గ్యాస్ ఉత్పత్తిని 2030 నాటికి 40 శాతం తగ్గిస్తామని 2020లో చెప్పింది. 2023లో అది 25 శాతం అయింది. 2025 ఫిబ్రవరిలో ఆ లక్ష్యాన్నే పక్కన పెట్టి, చమురు, గ్యాస్‌పై పెట్టుబడిని ఏడాదికి 10 బిలియన్ డాలర్లకు పెంచింది. షేర్‌హోల్డర్ల ఒత్తిడి ముందు బోర్డు మాట నిలవలేదు.

మన దగ్గర సీన్ ఎలా ఉంది?

భారత్ వేరే దారి పట్టింది. కంపెనీల ఇష్టానికి వదిలేయకుండా సెబీ రంగంలోకి దిగింది. మార్కెట్ విలువలో టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలు 2022-23 నుంచి బీఆర్‌ఎస్‌ఆర్ అనే రిపోర్టు ఇవ్వాల్సిందే. హైదరాబాద్ ఫార్మా దిగ్గజాలు డాక్టర్ రెడ్డీస్, అరబిందో, దివీస్ కూడా ఈ లెక్కలోకే వస్తాయి. పర్యావరణ వ్యవహారాలపై నిర్ణయాలు తీసుకునే బోర్డు కమిటీ గానీ, డైరెక్టర్ గానీ ఉన్నారా, లేరా అని ఆ ఫారంలో సూటిగా ఒక ప్రశ్న ఉంటుంది. ఉంటే ఎవరో చెప్పాలి. పైకి చిన్న గడిలా కనిపిస్తుంది కానీ, రేపు లెక్క తప్పితే ఎవర్ని అడగాలో తెలిసేది అక్కడే.

మెలిక ఎక్కడుందంటే.. ఫ్యాక్టరీలో కాల్చే ఇంధనం, కొనే కరెంటు వల్ల వచ్చే ఉద్గారాలు చెప్పడం తప్పనిసరి. ముడిసరుకు ఇచ్చేవాళ్లు, సరుకు వాడేవాళ్ల వైపు నుంచి వచ్చేవి మాత్రం కంపెనీ ఇష్టం. వాటినే స్కోప్ 3 అంటారు. చాలా రంగాల్లో అసలు బరువంతా అక్కడే ఉంటుంది. ఆ గొలుసును కూడా లెక్కలోకి తేవాలని సెబీ 2023లో గట్టిగానే అనుకుంది. 2024 డిసెంబర్‌లో వెనక్కి తగ్గింది. టాప్ 250 కంపెనీలకు ఏడాది వాయిదా ఇచ్చి, దాన్ని స్వచ్ఛందం చేసింది. బయటి సంస్థతో 'అష్యూరెన్స్' తప్పనిసరి అన్న చోట 'అసెస్‌మెంట్ లేదా అష్యూరెన్స్' అని మార్చింది.

సెబీ నిర్ణయాన్ని పూర్తిగా తప్పుపట్టడానికీ లేదు. జీడిమెట్లలోనో పాశమైలారంలోనో ఇంటర్మీడియెట్లు తయారుచేసే చిన్న యూనిట్ కార్బన్ లెక్కలు తీయాలంటే కన్సల్టెంట్‌ను పెట్టుకోవాలి. ఆ ఖర్చు కొనుగోలుదారు ఇస్తాడా? ఇవ్వకపోతే చిన్నవాడి మార్జిన్ లోంచే పోతుంది. కాకపోతే ఆ సాయం ఎలా చేయాలో చెప్పకుండా, నిబంధననే మెత్తబరిస్తే పెద్ద కంపెనీకి చేతులు దులుపుకునే వీలు దొరికినట్టే.

సిమెంట్‌కు మాత్రం కేంద్రం అంకెలే పెట్టేసింది. 2025 అక్టోబర్‌లో నోటిఫై చేసిన నిబంధనల ప్రకారం సిమెంట్, అల్యూమినియం, క్లోర్-ఆల్కలీ, కాగితం రంగాల్లోని ప్లాంట్లకు టన్ను సరుకుకు ఇంతే ఉద్గారం అన్న పరిమితి ఉంది. దాటితే కార్బన్ క్రెడిట్లు కొనాలి, లేకపోతే పరిహారం కట్టాలి. ఇందులో ఎవరూ ఓటేసి బయటపడలేరు. అయితే టన్నుకు లెక్క కాబట్టి, ఉత్పత్తి పెరిగితే మొత్తం ఉద్గారం పెరిగే అవకాశం అలాగే ఉంది.

విశాఖకు వస్తున్న ప్రశ్న

2025 అక్టోబర్‌లోనే గూగుల్ విశాఖలో ఐదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. గిగావాట్ స్థాయి డేటా సెంటర్ అది. 2030 నాటికి నెట్ జీరో, ప్రతి గంటా కార్బన్ లేని కరెంటు అన్నది గూగుల్ తనకు తాను పెట్టుకున్న లక్ష్యం. 2019తో పోలిస్తే 2023 నాటికి తన ఉద్గారాలు 48 శాతం పెరిగాయని ఆ కంపెనీ రిపోర్టే ఒప్పుకుంది. డేటా సెంటర్ల కరెంటు వాడకం అందుకు ఒక ప్రధాన కారణం.

గూగుల్ మన స్టాక్ మార్కెట్లో లిస్టయిన కంపెనీ కాదు. కాబట్టి బీఆర్‌ఎస్‌ఆర్ దానికి వర్తించదు. విశాఖ సెంటర్‌కు పగలు సోలార్ సరే, రాత్రి కరెంటు ఎక్కడిది, చల్లబరచడానికి నీళ్లు ఎన్ని అన్న లెక్కలను ఏటా బయటపెట్టమని అడగాలంటే రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్న ఆయుధం రాయితీల ఒప్పందమే. భూమి, కరెంటు, పన్నుల్లో ఇచ్చే ప్రతి వెసులుబాటుకూ ఆ షరతు జోడించొచ్చు. పనులు మొదలయ్యాక అడిగితే ఆ పట్టు ఉండదు.