తుప్పు మోసుకొచ్చే హైడ్రోజన్

రామగుండం యూరియా కర్మాగారానికి ముడిసరకు సహజవాయువు. అందులో సింహభాగం మీథేన్. దాన్ని ఆవిరితో కలిపి 800-900 డిగ్రీల వేడిలో విడగొడితే హైడ్రోజన్ వస్తుంది. దాంతో అమ్మోనియా, అమ్మోనియాతో యూరియా తయారవుతాయి. ఈ పద్ధతిలో కిలో హైడ్రోజన్‌కు సుమారు 9-10 కిలోల కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది. కొలిమి పొగలో కలిసిపోయే భాగాన్ని పట్టుకోవడమే కష్టం. గాలిలో 78 శాతం నైట్రోజనే కాబట్టి పొగలో కార్బన్ డయాక్సైడ్ పలచబడి ఉంటుంది. వేరుచేయాలంటే రసాయన ద్రావణాలు కావాలి, వాటిని మరిగించడానికి మళ్లీ ఇంధనం కావాలి.

కెమికల్ లూపింగ్ ఈ తంటాను మొదట్లోనే తప్పిస్తుంది. అసలు మీథేన్‌కు గాలే తగలనివ్వదు. కావలసిన ఆక్సిజన్‌ను ఐరన్ ఆక్సైడ్ రేణువులు, అంటే దాదాపు తుప్పు, మోసుకొస్తాయి. మొదటి రియాక్టర్‌లో మీథేన్ ఆ ఆక్సిజన్‌ను లాక్కుంటే కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి వెలువడతాయి. చల్లబరిస్తే ఆవిరి నీరై దిగిపోతుంది, కార్బన్ డయాక్సైడ్ దాదాపు స్వచ్ఛంగా చేతికొస్తుంది. ఆక్సిజన్ పోగొట్టుకున్న ఇనుప రేణువులకు రెండో రియాక్టర్‌లో ఆవిరి తగిలిస్తారు. ఇనుము అందులోని ఆక్సిజన్‌ను పట్టుకుని హైడ్రోజన్‌ను వదిలేస్తుంది. మూడోదాంట్లో గాలి సోకి రేణువులు పూర్వరూపానికి వచ్చి మళ్లీ మొదటికి చేరతాయి. రేణువులిచ్చే ఆక్సిజన్‌ను తగ్గిస్తే మిథనాల్, డీజిల్ తయారీకి పనికొచ్చే సిన్‌గ్యాస్ (కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ మిశ్రమం) వస్తుంది.

ఇనుముపై ఆవిరి పంపి హైడ్రోజన్ తీయడం 20వ శతాబ్దం తొలినాళ్లలోనే పరిశ్రమలకు తెలుసు. స్వీడన్‌లోని చామర్స్ విశ్వవిద్యాలయం 2003లో 10 కిలోవాట్ల కెమికల్ లూపింగ్ యూనిట్‌ను సహజవాయువుతో 100 గంటలు నడిపింది. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు లియాంగ్-షీ ఫాన్ బృందం దశాబ్దాలుగా దీనిపైనే పనిచేస్తోంది. ఇంత జరిగినా వ్యాపార స్థాయికి ఎందుకు రాలేదంటే, ప్రధాన సమస్య రేణువులోనే ఉంది. మండే వేడిలో పరుగెడుతూ ఒకదానికొకటి రాసుకుని రేణువులు పొడి అవుతాయి, ముద్దకడతాయి, వాటిపై మసి పేరుకుంటుంది. ప్రయోగశాలలో ఆక్సిజన్ ఇచ్చిపుచ్చుకునే 3,000 చక్రాలు తట్టుకున్న రేణువులను ఫాన్ బృందం 2017లో ప్రకటించింది. అది చిన్న విజయం కాదు. కానీ కర్మాగారంలో రేణువులు ఏళ్ల తరబడి, టన్నుల కొద్దీ తిరగాలి.

రేణువు నిలిచినా మరో రెండు ప్రశ్నలకు జవాబు కావాలి. చేతికొచ్చిన కార్బన్ డయాక్సైడ్‌ను ఏంచేస్తాం? యూరియాలో కలిపితే చేలో చల్లాక మళ్లీ గాలిలోకే వెళ్తుంది. భూగర్భంలో శాశ్వతంగా దాచితేనే ఫలితం. ఇక బావి నుంచి కర్మాగారం దాకా పైపుల్లో మీథేన్ కారిపోతే? 20 ఏళ్ల లెక్కన అది కార్బన్ డయాక్సైడ్ కంటే 80 రెట్లకు పైగా వేడి పెంచుతుంది. కొద్దిపాటి లీకు చాలు, రియాక్టర్‌లో మిగుల్చుకున్నది కరిగిపోవడానికి.

అందుకే ఈ ప్రయోగాలకు ప్రజాధనం ఇవ్వాల్సిందే, లీకుల కొలతను షరతుగా పెట్టి మరీ ఇవ్వాలి. కొత్త గ్యాస్ బావులు తవ్వడానికి దీన్ని సాకు కానివ్వకూడదు. చెత్తగుట్టలు, పశువుల పేడ, మురుగునీటి శుద్ధి కేంద్రాల నుంచి ఎలాగూ ఎగిరిపోతున్న మీథేన్‌తోనే తొలి యూనిట్లు మొదలుకావాలి.