88వ నంబరు జెర్సీ

మా పక్కింటి పెద్దాయన గోదావరిఖనిలో ముప్ఫై ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యారు. పెద్ద కొడుకు డల్లాస్‌లో ఉంటాడు. చిన్న కొడుకు కుటుంబం ఆయన దగ్గరే ఉంటుంది. మొన్నామధ్య ఫిబ్రవరిలో ఓ సోమవారం తెల్లవారుజామున ఐదు గంటలకు వాళ్లింట్లో ఒకటే అరుపులు, కేకలు. ఏమైందోనని వెళ్లాను. ఏమీ కాలేదు. మనకు సోమవారం తెల్లారుతుంటే అమెరికాలో ఆదివారం సాయంత్రం. అక్కడ సూపర్ బౌల్ మొదలైంది. డల్లాస్ కొడుకు వీడియో కాల్ చేసి, ఫోన్‌ని తన టీవీ వైపు తిప్పి పెట్టాడు. ఇక్కడ ఇల్లంతా దుప్పట్లు కప్పుకుని మరీ చూస్తోంది.

“గిదేం ఆట సారూ! బంతి ఒక్కడి చేతుల ఉంటే ఇంతమంది మీదవడి గుద్దుతున్నరు?” అన్నారు పెద్దాయన నన్ను చూసి. కాసేపు చూసి మళ్లీ అడిగారు. “వీళ్లకు దెబ్బ తాకితే ఎవలు చూస్తరు? యూనియన్ ఉంటదా?”

నాకు నవ్వొచ్చింది. బాయి పని మానేసినా బాయి మనిషి అడిగే ప్రశ్న మారదు కదా! ఇంటికొచ్చాక మాత్రం ఆ ప్రశ్న వదల్లేదు. జవాబు కోసం వెతికితే జాన్ మాకీ దొరికాడు. ఆ ఆటలో ‘టైట్ ఎండ్’ అనే స్థానానికి కొత్త అర్థం చెప్పినవాడు. ఆ ఆటగాళ్ల యూనియన్‌ను నడిపినవాడు కూడా అతనే!

టైట్ ఎండ్ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. అమెరికన్ ఫుట్‌బాల్‌లో ఒక్కో జట్టు నుంచి పదకొండు మంది ఆడతారు. పేరు ఫుట్‌బాల్ అయినా బంతి ఎక్కువసేపు చేతుల్లోనే ఉంటుంది. ముందు వరసలో గోడలా నిలబడి ఎదుటివాళ్లను నెట్టేవాళ్లు కొందరు. దూరంగా పరుగెత్తి, గాల్లో వచ్చే బంతిని పట్టేవాళ్లు కొందరు. ఆ గోడ చివర, దానికి ఆనుకుని నిలబడేవాడే టైట్ ఎండ్. అతనికి రెండు పనులూ ఉంటాయి. ఒకసారి వందకిలోల మనిషిని ఢీకొట్టి దారి చెయ్యాలి. మరోసారి గోడ విడిచి పరుగెత్తి బంతి అందుకోవాలి. మన కబడ్డీలో చెప్పాలంటే, కార్నర్‌లో నిలబడి రైడర్ కాలు పట్టేవాడే మరుక్షణం రైడ్‌కు వెళ్లి పాయింటు తేవాలన్నమాట. 2025 ఆగస్టులో పాప్ గాయని టేలర్ స్విఫ్ట్‌తో నిశ్చితార్థం చేసుకున్న ట్రావిస్ కెల్సీ పేరు మీ ఇంట్లో పిల్లలు చెప్పే ఉంటారు. అతను పేరు తెచ్చుకున్నదీ ఈ స్థానంలోనే.

జాన్ మాకీ 1941లో న్యూయార్క్‌లో పుట్టాడు. తండ్రి చర్చిలో మతబోధకుడు. సిరక్యూజ్ విశ్వవిద్యాలయంలో చదువుతూ ఆడాడు. అక్కడే సిల్వియా పరిచయమైంది. తర్వాత ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. 1963లో బాల్టిమోర్ కోల్ట్స్ జట్టు అతన్ని తీసుకుంది. ఆరడుగుల రెండంగుళాల ఎత్తు, వంద కిలోలు దాటిన బరువు... అయినా పరుగు అందుకుంటే ఆపడం కష్టం. అప్పటిదాకా టైట్ ఎండ్ అంటే ప్రధానంగా నెట్టేవాడే. చికాగో జట్టులో మైక్ డిట్కా, బాల్టిమోర్‌లో మాకీ ఆ లెక్క మార్చేశారు. 1966లో మాకీ తొమ్మిది టచ్‌డౌన్లు చేస్తే, వాటిలో ఆరు యాభై గజాలకు పైగా దూరం నుంచి వచ్చినవే. పదేళ్ల కెరీర్‌లో 331 సార్లు బంతి పట్టి, 5,236 గజాలు సాధించాడు. ఆ పదేళ్లలో అతను ఆడనిది ఒకే ఒక్క మ్యాచ్!

1971 జనవరి 17న మయామీలో ఐదో సూపర్ బౌల్ జరిగింది. బంతి ముందు సొంత జట్టువాడి చేతికి తగిలింది. అక్కణ్నుంచి ఎదుటి జట్టువాడి వేళ్లను తాకి, వెనకనున్న మాకీ దగ్గరికొచ్చింది. పట్టుకుని పరుగెత్తాడు. మొత్తం 75 గజాల టచ్‌డౌన్. ఆట ఐదు సెకన్లలో ముగుస్తుందనగా బాల్టిమోర్ 16-13తో గెలిచింది. ఆ గెలుపుకు గుర్తుగా ఇచ్చిన ఉంగరం అతని వేలికి చేరింది. ఆ ఉంగరాన్ని గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికొద్దాం.

ఇక పెద్దాయన ప్రశ్నకొద్దాం. యూనియన్ ఉంది. అప్పటిదాకా వేర్వేరుగా ఉన్న రెండు లీగ్‌లు 1970లో ఒకటయ్యాయి. ఆటగాళ్ల సంఘాలూ కలిశాయి. కలిసిన సంఘానికి తొలి అధ్యక్షుడిగా మాకీని ఎన్నుకున్నారు. ఆ ఏడాదే ఆటగాళ్లు సమ్మెకు దిగారు. పింఛను, గాయపడినవాళ్లకు సాయం కాస్త మెరుగుపడ్డాయి. ఓ స్టార్ ఆటగాడు తన ఆట తాను ఆడుకోకుండా యజమానుల ముందు కూర్చుని బేరమాడటం అప్పట్లో చిన్న విషయం కాదు. అతను నల్లజాతివాడు కావడం ఇంకో విశేషం.

కానీ అసలు పేచీ వేరే ఉంది. ఒప్పందం గడువు తీరాక ఆటగాడు వేరే జట్టుకు వెళ్లొచ్చని కాగితం మీద ఉండేది. వెళితే మాత్రం కొత్త జట్టు పాత జట్టుకు పరిహారం ఇవ్వాలి. రెండు జట్ల మధ్య కుదరకపోతే, ఎంతివ్వాలో, ఏ ఆటగాణ్ని ఇవ్వాలో లీగ్ కమిషనర్ తేలుస్తాడు. అప్పటి కమిషనర్ పేరు పీట్ రొజెల్. అందుకే దాన్ని ‘రొజెల్ నిబంధన’ అనేవారు. ఎంత పోతుందో తెలియక ఏ జట్టూ పక్క జట్టువాణ్ని పిలిచేది కాదు. ఈ సంగతి కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెద్దవాళ్లకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఏడాది నిండినా దొర మాట లేనిదే ఇంకో ఇంట్లో జీతానికి కుదరలేని జీతగాళ్లను వాళ్లు చూశారు. అమెరికా ఆటగాడికి సంపాదన ఉంది, పేరు ఉంది. గడప దాటే హక్కు మాత్రం లేదు.

1972లో మాకీ, మరికొందరు ఆటగాళ్లు కోర్టుకెక్కారు. కేసుకు మాకీ పేరే వచ్చింది. 1975 చివర్లో తీర్పు ఆటగాళ్ల పక్షాన వచ్చింది. 1976లో అప్పీలు కోర్టు కూడా ఆ నిబంధన చట్టవిరుద్ధమేనంది. ఆ తర్వాతా యజమానులు వేరే రూపంలో కట్టుబాట్లు పెట్టారు. నిజమైన స్వేచ్ఛ 1993లో గానీ రాలేదు. 2025లో జార్జ్ కిటిల్ అనే టైట్ ఎండ్ నాలుగేళ్లకు 7.64 కోట్ల డాలర్ల ఒప్పందం రాసుకున్నాడు. ఆ సంతకం వెనక మాకీ కేసు కూడా ఉంది.

మరి మాకీకి ఏం దక్కింది? తీర్పు వచ్చేసరికి అతని ఆట అయిపోయింది. కోల్ట్స్ వదిలేశాక 1972లో శాన్ డియాగో జట్టుకు ఒక సీజన్ ఆడి, అక్కడితో ఆపేశాడు. ఆటగాళ్లకిచ్చే అత్యున్నత గౌరవం ‘హాల్ ఆఫ్ ఫేమ్’లో చోటు. డిట్కాకు 1988లో దక్కింది. మాకీకి 1992 దాకా రాలేదు. మామూలు పద్ధతిలో ఎంపికకు అతనికి అదే ఆఖరి ఏడాది. యూనియన్ చేసినందుకే ఆలస్యం చేశారని అతని తోటివాళ్లు చాలామంది నమ్మారు. చెట్టు నాటేదొకరు, పండు తినేదొకరు అంటారు కదా.

ఇక్కడితో అయితే ఇదొక నాయకుడి కథ అయ్యేది. కానీ శరీరం తన లెక్క తాను రాసుకుంటూ పోయింది. అరవై ఏళ్ల వయసుకే మాకీకి మతి తప్పడం మొదలైంది. మెదడు ముందుభాగాన్ని తినేసే ఒక రకం డిమెన్షియా అని డాక్టర్లు తేల్చారు. ఈ జబ్బులో మరుపుతో పాటు మనిషి స్వభావమే మారిపోతుంది. ఒకసారి విమానాశ్రయంలో తనిఖీవాళ్లు ఉంగరాలు, టోపీ తీయమన్నారు. అతను ఒప్పుకోలేదు. ఉంగరం ఇవ్వకుండా ముందుకు పరుగెత్తాడు. వాళ్లు కింద పడేసి పట్టుకున్నారు. ఎవరో తన సూపర్ బౌల్‌ను లాక్కుంటున్నారనే ఆయన అనుకుని ఉంటాడు.

అతనికి వచ్చే పింఛను నెలకు రెండున్నర వేల డాలర్లు కూడా లేదు. అక్కడ ఇలాంటి రోగిని చూసుకునే కేంద్రానికి అది ఏ మూలకూ చాలదు. సిల్వియా యాభై దాటిన వయసులో విమానంలో ఎయిర్‌హోస్టెస్ ఉద్యోగానికి చేరింది. జీతం కోసం, అంతకుమించి ఆరోగ్య బీమా కోసం. తన భర్త నడిపిన యూనియన్ తెచ్చిన పింఛను కూడా ఆ ఇంటిని నిలబెట్టలేకపోయింది. ఆటకూ ఈ జబ్బుకూ సంబంధం లేదని లీగ్ అప్పటికి ఇంకా వాదిస్తూనే ఉంది.

2006లో ఆమె లీగ్ కమిషనర్‌కు ఒక ఉత్తరం రాసింది. ఇంట్లో రోజూ ఏం జరుగుతోందో దాచకుండా రాసింది. ఆ ఉత్తరం కదిలించింది. లీగ్, యూనియన్ కలిసి 2007లో ఓ పథకం తెచ్చాయి. డిమెన్షియా వచ్చిన మాజీ ఆటగాడిని కేంద్రంలో ఉంచి చూసుకోవడానికి మొదట్లో ఏడాదికి 88 వేల డాలర్ల దాకా ఇచ్చేవారు. ఆ అంకె ఎందుకంటే మాకీ జెర్సీ నంబరు 88. పథకం పేరే ‘88 ప్లాన్’. కోర్టులో భర్త గెలిచింది ఒకటైతే, వంటింటి బల్ల మీద భార్య గెలిచింది ఇది.

మాకీ 2011 జూలై 6న, 69 ఏళ్ల వయసులో బాల్టిమోర్‌లో చనిపోయాడు. కుటుంబం అతని మెదడును పరిశోధనకు ఇచ్చింది. సీటీఈ అనే జబ్బు ఆనవాళ్లు కనిపించాయి. తలకు పదేపదే తగిలే దెబ్బల వల్ల వచ్చేది ఇది. పెద్ద దెబ్బలే కానక్కరలేదు. చిన్నచిన్నవి ఏళ్ల తరబడి తగిలినా చాలు. బతికుండగా దీన్ని కచ్చితంగా నిర్ధారించే పరీక్ష లేదు. తర్వాత వేలమంది మాజీ ఆటగాళ్లు లీగ్ మీద కేసులు వేశారు. 2015లో కోర్టు ఆమోదించిన రాజీ కింద చెల్లింపులు వంద కోట్ల డాలర్లు దాటాయి.

ఇదంతా విన్నాక పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. ఖని నుంచి మందమర్రి, బెల్లంపల్లి దాకా గోదావరికి అటూ ఇటూ ‘మెడికల్ అన్‌ఫిట్’ అనే మాట తెలియని కార్మికుల ఇల్లు ఉండదు. ఒంట్లో సత్తువ ఉన్నంతకాలమే కొలువు. అది పోయాక ఇల్లెలా గడుస్తుందన్నది మాకీ ఇంటి బాధే కాదు.

ఆయన మనవడు పదో తరగతి. స్కూలు కబడ్డీ జట్టులో ఉన్నాడు. 2014లో ప్రో కబడ్డీ వచ్చినప్పటి నుంచి మన పిల్లల కళ్లలో కొత్త ఆశ వచ్చింది. టీవీలో కనిపించకపోయినా, స్పోర్ట్స్ కోటాలో రైల్వేలోనో పోలీసులోనో ఉద్యోగం వస్తే చాలనుకునే ఇళ్లు ఎన్నో. ఆశ మంచిదే. ఆడించాల్సిందే. కానీ మన మైదానాల్లో ఒక అలవాటు ఉంది. పిల్లవాడి తల నేలకు కొట్టుకుంటే ముఖాన నీళ్లు చల్లి, “ఏం కాలే, లే, ఆడు” అంటాం. లేచి ఆడితే చప్పట్లు కొడతాం.

డాక్టర్లు చెప్పేది వేరు. తలకు గట్టి దెబ్బ తగిలి కళ్లు తిరిగినా, తలనొప్పి వచ్చినా, తడబడినా, స్కోరు ఎంతో చెప్పలేకపోయినా ఆ రోజుకు ఆట అయిపోయినట్టే. స్పృహ తప్పకపోయినా సరే. వాంతులు, మగత, మాట తేడా ఉంటే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మళ్లీ బరిలోకి ఎప్పుడు దిగాలో డాక్టరు చెప్పాలి తప్ప, కోచ్ కాదు, పిల్లవాడు అసలే కాదు. మోకాలికి దెబ్బ తగిలితే కుంటుతాడు, అందరికీ కనిపిస్తుంది. తల లోపలి దెబ్బ ఎవరికీ కనిపించదు.

మొన్న సాయంత్రం పెద్దాయన గోడ దగ్గర కనిపించారు. మనవడు అరుగు మీద కూర్చుని ముఖం ముడుచుకుని ఉన్నాడు. ఏమైందని అడిగాను.

“నిన్న ఆటల తల తాకింది తాతకు చెప్పిన. ఇయ్యాల ఆడనిస్తలేడు” అన్నాడు వాడు.

“డాక్టరుకు చూపెట్టిన సారూ. వారం ఆగుమన్నడు. మ్యాచ్ పోతే పోనీ” అన్నారు పెద్దాయన. ఆ తర్వాత నావైపు తిరిగి, “ఆ పెద్దమనిషి భార్య ఉన్నదన్నరు గదా... ఉత్తరం రాసినామె. ఆమెదే అసలు యూనియన్” అన్నారు.