బైబిల్లోంచి పునర్జన్మను ఎవరు తీసేశారు?

తొలి క్రైస్తవులు పునర్జన్మను నమ్మేవారనీ, క్రీ.శ. 553లో కాన్‌స్టాంటినోపుల్‌లో కూడిన మహాసభ ఆ భాగాలను బైబిల్లోంచి కొట్టేయించిందనీ ఒక ప్రచారం చాలాకాలంగా సాగుతోంది. మతాలన్నీ ఒకటేనని చెప్పదలచిన ఉపన్యాసకులకు ఇది చేతికందిన ఆధారం. ఉద్దేశం మంచిదే కావచ్చు, ఆధారం మాత్రం అబద్ధం.

ఆ సభను పిలిపించినవాడు జస్టీనియన్ చక్రవర్తి. క్రీస్తు స్వభావం గురించి రాసి, అప్పటికే కన్నుమూసిన ముగ్గురు వేదాంతుల రాతలపై తీర్పు చెప్పడమే సభ ముందున్న ప్రధాన వ్యవహారం. 3వ శతాబ్ది పండితుడు ఓరిజెన్ పేరుతో ముడిపెట్టి ఆ రోజుల్లో ఖండించిన 15 అంశాల్లో మొదటిది, దేహం కంటే ముందే ఆత్మ ఉందన్న వాదం. పుట్టకముందే ఆత్మ ఉందనడం వేరు, చచ్చి మళ్లీ మళ్లీ పుడుతుందనడం వేరు. బైబిల్లో ఏ వాక్యం ఉండాలి, ఏది తీసేయాలి అన్న చర్చ ఆ సభలో రానేలేదు.

పైగా వాటికన్, సినాయ్ బైబిల్ రాతప్రతులు 4వ శతాబ్దివి. సభకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందరివి. పునర్జన్మను బోధించే అధ్యాయం వాటిలోనూ లేదు. అప్పటికే సువార్తలు లాటిన్, సిరియాక్, కాప్టిక్ భాషల్లోకి వెళ్లాయి. జస్టీనియన్ ఏలుబడిలో లేని పర్షియా సంఘాలూ వాటిని చదువుతున్నాయి. ఆ ప్రతులన్నిటినీ దిద్దించడం ఏ చక్రవర్తి తరం?

ఇక ఓరిజెన్. ఈయన మత్తయి సువార్తకు రాసిన వ్యాఖ్యానంలో, బాప్తిస్మమిచ్చు యోహాను పూర్వకాలపు ప్రవక్త ఏలీయాకు మరుజన్మ అన్న అర్థాన్ని స్వయంగా తోసిపుచ్చాడు. అంతకుముందే, 180 ప్రాంతంలో, లియోన్ బిషప్ ఐరేనియస్ కూడా ఆత్మ దేహాలు మారుతుందన్న మాటను ఖండించాడు. ఖండించాడంటే నమ్మినవారు ఉన్నారనే కదా! ఉన్నారు. 2వ శతాబ్దిలో కార్పొక్రటీయులు, మధ్యయుగాల్లో దక్షిణ ఫ్రాన్సులో కాథర్లు. ఆ చరిత్రను దాచనక్కర్లేదు, దాన్నే తొలి క్రైస్తవమంతటికీ పూయనూ కూడదు.

యోహాను, ఏలీయా ఒకరేనన్న వాదం సువార్తల్లోనే వీగిపోతుంది. నువ్వు ఏలీయావా అని అడిగితే యోహాను కాదన్నాడు. యూదుల గ్రంథం ప్రకారం ఏలీయా చావనే లేదు, సుడిగాలిలో పైకి వెళ్లాడు. చావనివాడికి మరుజన్మ ఎక్కడిది?

అన్నిటికన్నా బాధ కలిగించేది యోహాను సువార్త 9వ అధ్యాయాన్ని వాడుకుంటున్న తీరు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం చేసింది ఇతడా, ఇతని తల్లిదండ్రులా అని శిష్యులు అడిగారు. పుట్టకముందు పాపమంటే గతజన్మదేగా అంటారు ప్రచారకులు. తల్లి కడుపులోనే బైబిల్లోని ఏశావు తప్పుదారి పట్టాడని చెప్పే యూదు వ్యాఖ్యానాలున్నాయి, కాబట్టి ఆ ప్రశ్నకు గతజన్మే అక్కర్లేదు. ప్రశ్నను పట్టుకుని జవాబును వదిలేయడం ఇంకా పెద్ద తప్పు. ఇతడూ కాదు, వాళ్లూ కాదు అన్నాడు యేసు, అతనికి చూపిచ్చాడు.

ప్యూ పరిశోధన కేంద్రం 2021లో వెలువరించిన సర్వేలో భారతీయ క్రైస్తవుల్లో 54 శాతం కర్మను నమ్ముతామన్నారు. అది వారి నమ్మకం, వారి హక్కు. కానీ పుట్టుకతో వైకల్యమున్న బిడ్డను చూపించి ఏనాటి పాపమో అనేవారికి ఈ అధ్యాయం సాక్ష్యం పలకదు. అందులో అలా అన్నవారు వేరే ఉన్నారు. నువ్వు పుట్టుకతోనే పాపివని ఆ చూపు వచ్చినవాణ్ణి వెలివేసిన పరిసయ్యులనే మతనిష్ఠాపరులు వాళ్లు. వెలివేశారని విని యేసు అతణ్ణి వెతుక్కుంటూ వెళ్లాడు.