కౌలు మనకు, మట్టి ఎవరికి?

విదేశాల్లో ఉన్న మనలో చాలామందికి ఊళ్లో రెండో మూడో ఎకరాలున్నాయి. ఏటా కౌలు డబ్బు ఖాతాలో పడుతుంది. మట్టి సంగతి మాత్రం అడగం.

జీలుగ చల్లి పూత దశలో కలియదున్నితే యూరియా తగ్గుతుంది కదా అని మా పొలం చేసే ఆయన్ని అడిగాను. "వచ్చే ఏడు ఈ చేను నాకే ఇస్తారా బాబూ?" అన్నారు. న్యాయమైన ప్రశ్నే.

45 కిలోల యూరియా బస్తా రూ.266.50. 50 కిలోల డీఏపీ రూ.1,350. ఏడాది కౌలుకు చేసే మనిషి చవకైన బస్తా వైపు చూడటంలో వింతేముంది? వరి మడిలో చల్లిన యూరియా నత్రజనిలో సగం కూడా తరచుగా పైరుకు అందదు. గాలిలోకో, నీళ్లలోకో పోతుంది. 2015 నుంచి వేపపూత తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ నాటేటప్పుడు, పిలకల దశలో, అంకురం దశలో విడతలుగా వేయాల్సింది ఒకేసారి గుమ్మరిస్తే వేపపూత మాత్రం ఏం చేస్తుంది?

రైతుకు పాఠాలు చెప్పేముందు మనం ఇవ్వాల్సింది ఒకటుంది: కనీసం మూడేళ్లు కౌలు మార్చమన్న మాట. జీలుగ విత్తనం ఖర్చు కౌలులో తగ్గించుకోమనాలి. నా లెక్కలో అది దానం కాదు, పొలం మనదే కాబట్టి మన ఖర్చే.

ఈ వేసవిలో ఊరెళితే, చేలో పంట లేనప్పుడే ఎకరంలో ఎనిమిది పది చోట్ల మట్టి తీయించి భూసార పరీక్షకు పంపండి. ఫలితాల కాగితం కౌలు రైతు చేతికివ్వండి.