గుర్రం తోక ఖరీదు
రేగడి నేల – వారం వారం

"మావయ్యా, ఈ పార్థియన్లు ఎందుకూ పనికిరారు" అన్నాడు మా మేనల్లుడు.

సంక్రాంతి సెలవులకు అద్దంకి వచ్చాడు వాడు. కళ్ళంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. రాత్రి కాపలాకని ఇద్దరం చెరో మంచం వాల్చుకున్నాం. వాడి ఒళ్ళో ఓ పాత లాప్‌టాప్, అందులో 2004లో వచ్చిన 'రోమ్: టోటల్ వార్' అనే యుద్ధాల ఆట. వాడికంటే వయసులో పెద్దది. కొత్తవి ఆ లాప్‌టాప్ మొయ్యలేదట.

ఫ్యాక్షన్ అంటే మనకు సీమ సినిమాలూ సుమోలూ గుర్తొస్తాయి గానీ ఆ ఆటలో ఫ్యాక్షన్ అంటే రాజ్యం. మొదట మూడు రోమన్ కుటుంబాలే చేతికొస్తాయి. మిగతావాటిని గెలిచి విడిపించుకోవాలి. మావాడు కష్టపడి పార్థియాను, అంటే పాత ఇరాన్ రాజ్యాన్ని, విడిపించాడు. విడిపించాక మూడు రోజులుగా వరసగా ఓడిపోతున్నాడు.

నాకు ఆటలు రావు. చరిత్ర పిచ్చి మాత్రం ఉంది. అందుకని వాడి భుజం మీదుగా చూశాను. గుర్రపు విలుకాళ్ళను తీసుకెళ్ళి రోమన్ కాల్బలం మీదికి ఎద్దుల మందలా తోలుతున్నాడు. తేలికపాటి గుర్రం, చేతిలో విల్లు, ఒంటి మీద కవచం అంతంత మాత్రం. వాళ్ళు పోయి డాలు గోడకు గుద్దుకుంటే ఏమవుతుంది? అదే అయింది. అలా నాలుగైదుసార్లు అయ్యాక విసుగొచ్చి 'ఆటో రిజాల్వ్' మీట నొక్కడం మొదలెట్టాడు. అంటే యుద్ధం నువ్వు ఆడక్కర్లేదు, కంప్యూటరే బలాబలాలు లెక్కగట్టి ఫలితం చెప్పేస్తుంది. ఆ లెక్కకు కత్తి, డాలు, తలకాయల సంఖ్య అర్థమవుతాయి గానీ పరుగు అర్థం కాదు. గుర్రపు విలుకాడిని ఎప్పుడూ తక్కువే కడుతుంది.

"అయితే నువ్వే ఆడు" అన్నాడు. ఆడాను. తెల్లవారుజామున మూడింటిదాకా ఆడాను. మా చెల్లెలికి ఈ సంగతి తెలియదు, ఈ వారం పత్రిక ఆమెకు ఎవరూ చూపించవద్దని మనవి.

గుర్రపు విలుకాళ్ళ దళానికి ఉన్న విద్య ఒక్కటే. ఎదురొస్తే తప్పుకోవడం, వెనుదిరిగితే వెంటపడటం. మా వీధి కుక్కలకు ఇది పుట్టుకతో వస్తుంది, మోటార్ సైకిలు మీద వెళ్ళేవాళ్ళని అడగండి. గుండ్రంగా తిరుగుతూ బాణాలు వేసే పద్ధతి ఒకటుంది. ఒక మీట నొక్కితే దళమంతా గానుగెద్దులా చుట్టూ తిరుగుతూ వేస్తూనే ఉంటుంది, అవతలివాళ్ళ బాణం సరిగా తగలదు. అలాగని తిరుగు లేదనుకోకండి. నేల మీద నిలబడ్డ మేటి విలుకాడి బాణం ఇంకా దూరం పోతుంది. మైదానం అంచున ఎర్రగీత ఉంటుంది, పారిపోతూ పారిపోతూ అక్కడ ఇరుక్కుంటే అంతే సంగతులు. కోట గోడ ఎదురైతే గుర్రం నిచ్చెన ఎక్కదు. అన్నిటికంటే ముఖ్యం, అమ్ములపొదిలో బాణాలు లెక్కగా ఉంటాయి. అయిపోయాయా, మిగిలేది గుర్రమెక్కిన బక్కమనిషి.

క్రీస్తుపూర్వం 53లో కర్హే దగ్గర రోమన్ సేనాని క్రాసస్ పెట్టుకున్న ఆశ కూడా అదే. ఆయన వెంట దాదాపు 40,000 మంది. ఎదురుగా పార్థియన్ సేనాని సురేనా వెంట 10,000 మందే, అందరూ గుర్రాల మీద. బాణాలు ఎంతసేపు వేస్తారు, అయిపోయాక చూద్దాం అని డాళ్ళు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు రోమన్లు. బాణాలు అయిపోలేదు. వెనకాల ఒంటెల మీద మోపులు మోపులుగా వస్తూనే ఉన్నాయి. అది తెలిశాకే రోమన్ల గుండె జారిందని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. సుమారు 20,000 మంది చచ్చారు, 10,000 మంది పట్టుబడ్డారు. విలుకాడు గొప్పవాడే కావచ్చు, గెలిపించింది మాత్రం ఒంటెల వెంట నడిచిన మనిషి. అతని పేరు ఎవరికీ తెలియదు.

మా ఆటలో ఆ ఒంటె లేదు. సరే, ఒంటె లేకపోతే పోయింది. నా ఫిర్యాదు వేరే ఉంది. లాయం కట్టు, డబ్బు కట్టు, ఒక్క టర్న్ ఆగు. దళం వచ్చి నిలబడుతుంది. టర్న్ అంటే ఆరు నెలలు. గుర్రాలు ఎక్కడ పుట్టాయి, ఎవరు పెంచారు, ఎవరు అమ్మారు అని ఆట అడగదు. మన చరిత్రలో అసలు కథంతా అక్కడే ఉంది.

"నీ ఓరుగల్లు ప్రతాపరుద్రుడు ఏ ఫ్యాక్షన్ మావయ్యా?" అని అడిగాడు వాడు, నిద్రమత్తులో, వెటకారంగా. వెటకారమైనా మంచి ప్రశ్నే. మన పాతవాళ్ళు ఈ ఆట తయారుచేసినవాళ్ళకంటే ముందే ఫ్యాక్షన్లు విడగొట్టి పేర్లు పెట్టారు. అశ్వపతి, గజపతి, నరపతి. గుర్రాలున్నవాడు ఢిల్లీ సుల్తాను, ఏనుగులున్నవాడు ఒడిశా రాజు, మనుషులున్నవాడు మన రాజు. ఆ మూడు పేర్లలోనే ఒప్పుకోలు ఉంది చూడండి. గుర్రం మాది కాదు అని.

ఎందుకు కాలేదు? మధ్య ఆసియా గడ్డి మైదానాల్లో గుర్రం మందలుగా పుడుతుంది, మనిషికి నాలుగైదు ఉంటాయి, ఒకటి అలిసిపోతే ఇంకోటి ఎక్కుతాడు. ఇక్కడ పచ్చిక బయలు తక్కువ, ఉక్క ఎక్కువ. వానపడితే మా రేగడిలో బండి చక్రమే ఇరుసుదాకా దిగబడుతుంది, గుర్రం డెక్క సంగతి చెప్పాలా? విల్లు సంగతీ అంతే. గుర్రం మీది విల్లు పొట్టిది. కొమ్ము, నరం, చెక్క కలిపి జంతువుల బంకతో అతికించింది. గాలిలో తేమ ఎక్కువైతే ఆ బంక సడలుతుంది. ఇక్కడివాళ్ళకు అలవాటైన పొడుగు వెదురు విల్లు నేల మీద బ్రహ్మాస్త్రమే గానీ జీను మీద కూర్చుని తిప్పలేం.

కాబట్టి కొనాలి. పదమూడో శతాబ్దం చివర ఈ తీరాలకు వచ్చిన మార్కో పోలో, తమిళ తీరపు రాజుల గురించి ఓ సంగతి రాశాడు. ఒక్కో రాజు ఏటా 2000కు పైగా గుర్రాలు కొంటాడట. ఏడాది తిరిగేసరికి వందైనా మిగలవట. సాకటం తెలిసినవాడు లేడు. ఉడికించిన అన్నం, మాంసం కలిపి పెట్టేవాళ్ళట. (ఉలవలు పండే దేశంలో ఇదేం ఖర్మో! ఇప్పుడు ఉలవచారు పెళ్ళిభోజనంలో మనం లాగిస్తున్నాం, గుర్రానికి మాత్రం అప్పుడు అన్నం పెట్టాం.) ఇంకా గట్టి మాట ఒకటి రాశాడాయన. గుర్రాలమ్మే వర్తకులు గుర్రపు వైద్యుల్ని ఇటువైపు రానిచ్చేవాళ్ళు కాదట. గుర్రం బతికితే మళ్ళీ బేరం ఎలా వస్తుంది? సరుకు అమ్మి మెకానిక్కును దాచిపెట్టడం ఈనాటి విద్య కాదన్నమాట.

ఈ బేరం మన ఇంటి గుమ్మందాకా వచ్చింది. అద్దంకి రెడ్లే తర్వాత కొండవీటి రెడ్లయ్యారు. ఆ కొండవీట్లో కుమారగిరి రెడ్డికి సరుకులు తెచ్చిన పెద్ద వర్తకుడు అవచి తిప్పయ సెట్టి. శ్రీనాథుడు 'హరవిలాసం' ఆయనకే అంకితమిచ్చాడు. అవతారికలో సెట్టిగారు ఏ దేశం నుంచి ఏం దింపుకున్నారో ఏకరువు పెట్టాడు. సింహళం నుంచి ఏనుగులు, చీనా నుంచి పట్టు, హురుమంజి నుంచి మేలుజాతి గుర్రాలు. హురుమంజి అంటే పర్షియా సింధుశాఖ దగ్గరి హోర్ముజ్. మా చిన్నప్పుడు ఆ భాగాన్ని వర్ణన అని చదివించారు. నాకిప్పుడది దిగుమతుల బిల్లులా కనిపిస్తోంది.

విజయనగరం నాటికి గుర్రం బేరం ఏ స్థాయికి పోయిందో న్యూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. అక్కడి రాజు ఏటా 13,000 గుర్రాలు కొనేవారట. అంతకుముందు సాళువ నరసింహుడి కాలంలో మూడు గుర్రాలు వెయ్యి పర్దావుల (బంగారు నాణేల) లెక్కన, బతికినవైనా చచ్చినవైనా తీసుకునేవారట. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదానికి ఇచ్చినంతా ఇచ్చేసేవారు. ఏనుగు చచ్చినా వెయ్యే బతికినా వెయ్యే అని మనం సామెత చెప్పుకుంటాం. గుర్రానికి అది సామెత కాదు, రాజుగారి కొనుగోలు షరతు. నరసింహుడు తెలివితక్కువవాడు కాదు. తోకకు డబ్బివ్వకపోతే వర్తకుడు ఓడ తెచ్చి ఎదుటివాడి రేవులో దింపుతాడు. గుర్రాల వర్తకుల్ని ఆదరించి లాభం చూపించాలి, ఆ సరుకు శత్రువుకు చేరకూడదు అని కృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' రాజనీతిలో చెప్పింది కూడా ఈ భయంతోనే.

అసలు మాటకు వస్తాను. విజయనగర రాజు రెండో దేవరాయలు (1424-46) బహమనీ సుల్తానులతో ఓడి ఓడి విసిగిపోయి సభ పెట్టాడని ఫెరిష్తా అనే చరిత్రకారుడు రాశాడు. దేశం మనది పెద్దది, జనం ఎక్కువ, ఆదాయం ఎక్కువ, అయినా ఎందుకు ఓడిపోతున్నాం అని అడిగాడు. సభలో రెండు జవాబులొచ్చాయి. మన రాత అంతే, గ్రంథాల్లో ముందే రాసి ఉంది అన్నారు కొందరు. కాదు, వాళ్ళ గుర్రాలు బలమైనవి, వాళ్ళ దగ్గర మంచి విలుకాళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు అన్నారు ఇంకొందరు. దేవరాయలు రెండో జవాబు విన్నాడు. ముస్లిం విలుకాళ్ళను కొలువులో చేర్చుకున్నాడు, జీతాలూ జాగీర్లూ ఇచ్చాడు, వాళ్ళు నమస్కరించడానికి ఇబ్బంది పడకుండా సింహాసనం ముందు ఖురాన్ పెట్టించాడు, తన సైన్యానికి విలువిద్య నేర్పించాడు. ఫెరిష్తా ఇది శతాబ్దిన్నర దాటాక రాశాడు కాబట్టి సైన్యం అంకెలు నేను ఎత్తను. కానీ దేవరాయల కొలువులోని అహ్మద్ ఖాన్ కట్టించిన మసీదు, 1439 శాసనంతో, హంపీలో ఇప్పటికీ ఉంది.

మనం ఈనాటికీ మొదటి జవాబే ఇష్టపడతాం. గ్రంథాలకు బదులు 'అనైక్యత' అంటాం, 'వెన్నుపోటు' అంటాం. 1323లో ఓరుగల్లు పడిపోయింది అని మేం చదువుకున్న పాఠం ఒక్క వాక్యంలో తేల్చేసింది. ఆటో రిజాల్వ్! అంతకుముందు 1303లో ఢిల్లీ సేన వెనక్కి పోయింది, ఆ తర్వాత వచ్చిన మాలిక్ కాఫూర్ కప్పం పట్టుకుపోయాడు, ఉలుగ్ ఖాన్ మొదటి ముట్టడి చెడిపోయింది, రెండోదానికి కోట దక్కింది. ఇరవై ఏళ్ళ యుద్ధం అది. గుర్రం గోడ ఎక్కదు, నిజమే. కోటకు తిండి వచ్చే దారులన్నీ మూసేది మాత్రం గుర్రమే. అనైక్యత లేదని నేననడం లేదు. ఢిల్లీలో మాత్రం ఐకమత్యం పొంగిపొర్లిందా? బాబాయిని చంపి గద్దెనెక్కిన సుల్తానులు వాళ్ళు.

ఇక్కడ మా ఊరి గొప్ప కొంచెం చెప్పుకోనివ్వండి. ఓరుగల్లు పోయిన రెండేళ్ళకు, 1325లో, ప్రోలయ వేమారెడ్డి అద్దంకిలో రాజ్యం పెట్టాడు. ఎర్రన చేత 'హరివంశం' రాయించుకున్న రాజు. గుర్రాల రాజ్యం నడినెత్తిన ఉండగా, గుండ్లకమ్మ పక్కన, చదును నేల మీద రాజధాని! 1335 ప్రాంతంలో ఓరుగల్లులో తుగ్లక్ సేనను అంటురోగం చావగొట్టింది, అది కలిసొచ్చింది. అయినా ఈ చదును ఎంతకాలం కాపాడుతుంది? కొడుకు అన్నపోతారెడ్డి నాటికి రాజధాని కొండవీటికి మారింది. కొండ ఎందుకెక్కారో ఎవరూ శాసనం వేయించలేదు గానీ, ఆటలో మూడు రాత్రులు గుర్రాలు తోలిన అనుభవంతో నా తీర్పు చెబుతున్నాను. గుర్రం కొనలేనివాడు గుర్రం ఎక్కలేని చోటు వెతుక్కున్నాడు. అదే అన్నపోతారెడ్డి 1358లో మోటుపల్లి రేవులో వర్తకులకు సుంకాల్లో రాయితీలిస్తూ శాసనం వేయించాడు. ఒక చేత్తో కొండ, ఇంకో చేత్తో రేవు. తెలివైనవాడు.

ఏటా కొనక తప్పని బేరం ఇప్పటికీ ఉంది. మా పక్క రైతు ఏటా మిరప విత్తనం ప్యాకెట్టు కొంటాడు. నిరుటి కాయలోంచి తీసిన గింజ వేస్తే ఈ ఏటి పంట అలా రాదు, మళ్ళీ కొనాల్సిందే. మొలకెత్తకపోయినా డబ్బు తిరిగి రాదు. సాళువ నరసింహుడికి కనీసం తోక చూపించారు.

మావాడు సెలవులయ్యాక వెళ్ళిపోయాడు. పార్థియాతో రోమును మూడుసార్లు కొట్టానని ఫోన్ చేసి చెప్పాడు. ఆటో రిజాల్వ్ మానేశాడట. ఇక పాఠ్యపుస్తకాలు రాసే పెద్దలకు ఒక విన్నపం. ఓరుగల్లు పతనానికి కారణాలు అని రాసేటప్పుడు 'అనైక్యత' కంటే ముందు గుర్రం ధర రాయండి. విజయనగరం పాఠంలో ఆ తోక సంగతి కూడా రాయండి, పిల్లలు మర్చిపోరు.